చరిత్రను వెనక నుంచి చెప్పాం: స్టాక్టన్ దగ్గర ఒక ఫిలిపినో శనివారం బడి

విదేశాల్లో స్థిరపడ్డ ఏ సంఘమైనా పిల్లలకు తమ చరిత్ర చెబుదామని కూర్చుంటే ముందు రాసుకునే జాబితా దాదాపు ఒకేలా ఉంటుంది. జెండా, జాతీయగీతం, ఒక వీరుడు, ఒక నాట్యం, పండగ వంటలు. మన తెలుగు బడుల్లోనూ ఇంతే. ఫిలిపినోల జాబితాలో జాతీయ వీరుడు హోసే రిజాల్, టినిక్లింగ్ అనే వెదురు కర్రల నాట్యం, అడోబో అనే వంట ఉంటాయి. ఆ జాబితాతో నాకు పేచీ లేదు. ఎనిమిదేళ్ళ పిల్లలకు అది చాలు కూడా. పదకొండు, పన్నెండు దాటాక మాత్రం వాళ్ళు వినడం మానేస్తారు. ఎందుకంటే ఆ జాబితా 'అమ్మానాన్నల దేశం ఎలాంటిది' అన్న ప్రశ్నకి జవాబు చెబుతుంది. ఆ వయసు పిల్లల బుర్రలో తిరిగే ప్రశ్న అది కాదు. 'మనం ఇక్కడెందుకున్నాం' అన్నది వాళ్ళ ప్రశ్న. ఈ రెండో ప్రశ్న దగ్గర మొదలుపెట్టి, కాలిఫోర్నియా నుంచి వెనక్కి నడుచుకుంటూ మనీలా చేరేలా పాఠాలు తయారుచేశాం. అదెలా చేశామో, ఎక్కడ ఇబ్బంది పడ్డామో ఇక్కడ రాస్తున్నాను.

ముందు నేనెవరో చెప్పాలి. కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ కౌంటీలో ఒక పబ్లిక్ హైస్కూల్లో సోషల్ స్టడీస్ టీచర్ని. మాది గుంటూరు జిల్లా. స్టాక్టన్‌కి అరగంట దూరంలో మేముండే ఊళ్ళో తెలుగు కుటుంబాలూ ఫిలిపినో కుటుంబాలూ పక్కపక్క ఇళ్ళల్లో ఉంటాయి. ఆదివారాలు తెలుగు క్లాసు చెప్పడం చూసి, మా వీధిలో ఉండే ఒక ఫిలిపినో నర్సు తమ శనివారం బడికి చరిత్ర పాఠాలు రాసిపెట్టమని అడిగింది. బయటి మనిషిని కదా అన్నాను. "మా పిల్లలకి మేం చెబితే నీతిబోధ అయిపోతోంది, నువ్వయితే పాఠం చెబుతావు" అంది. పిల్లలు నన్ను 'టీటా' అని పిలవడం మొదలుపెట్టారు. మనవాళ్ళు ఆంటీ అన్నట్టే.

అప్పటిదాకా జరిగింది

తల్లిదండ్రుల బృందం ఒక చర్చి హాల్లో క్లాసులు నడిపేది. ఎనిమిది నుంచి పదిహేనేళ్ళ వరకు పిల్లలు వచ్చేవారు. సిలబస్ వరసలో ఉండేది: 1521లో మక్టన్ దీవి దగ్గర స్పెయిన్ తరఫున వచ్చిన నావికుడు మాజెలాన్‌ని అక్కడి నాయకుడు లాపులాపు మనుషులు చంపడం, మూడు వందల ఏళ్ళకు పైగా స్పెయిన్ పాలన, 1896 డిసెంబరు 30న రిజాల్‌ని కాల్చి చంపడం, 1898 జూన్ 12న కవిత్‌లో స్వాతంత్ర్య ప్రకటన, అమెరికా రావడం, జపాన్ యుద్ధం, 1946 జులై 4. పుస్తకానికి బాగుంటుంది. కానీ మాజెలాన్ దగ్గర మొదలుపెట్టిన పిల్లాడు తన అమ్మమ్మ దగ్గరికి చేరేసరికి ఏడాది గడిచిపోతుంది. ఈలోగా సాకర్ సీజన్ వస్తుంది. పెద్ద పిల్లలు ఒక్కొక్కరే రావడం మానేశారు. చిన్నవాళ్ళు మాత్రం నాట్యం కోసం వచ్చేవారు.

కొత్త పాఠాలు రాయకముందు పిల్లల చేత తమ కుటుంబం గురించి అర్థంకాని సంగతులు చీటీల మీద రాయించాను, పేర్లు లేకుండా. వాటిలో మళ్ళీమళ్ళీ వచ్చినవి నాలుగు. మన ఇంటిపేరు స్పానిష్ పేరు ఎందుకు? లోలా, అంటే అమ్మమ్మ, ఊళ్ళోనే చదువుకుని కూడా ఇంగ్లీషు అంత బాగా ఎలా మాట్లాడుతుంది? మన బంధువుల్లో ఇంతమంది నర్సులు ఎందుకున్నారు? తాతయ్య అమెరికా నేవీలో పనిచేశాడు కదా, మరి ఎప్పుడూ వంట కబుర్లే చెబుతాడెందుకు?

ఈ నాలుగింటికీ జవాబు చెబితే ఫిలిప్పీన్స్ ఆధునిక చరిత్ర చాలావరకు చెప్పినట్టే.

గోడ మీద రెండు తేదీలు

మొదటి క్లాసులో గోడకి పొడవాటి కాగితం అంటించి దాని మధ్యలో రెండే తేదీలు రాశాం: 1965 సెప్టెంబరు 8, 1965 అక్టోబరు 3.

సెప్టెంబరు 8న, ఇక్కడికి దక్షిణాన మూడు గంటల ప్రయాణంలో ఉన్న డెలానోలో ఫిలిపినో ద్రాక్షతోట కూలీలు పని ఆపేశారు. అంతకుముందు కోచెల్లా లోయలో గంటకి డాలరు నలభై సెంట్లు సాధించుకుని వచ్చినవాళ్ళు వాళ్ళు. డెలానో యజమానులు అంత ఇచ్చేది లేదన్నారు. కూలీలు ఫిలిపినో కమ్యూనిటీ హాల్లో సమావేశమై సమ్మెకి ఓటేశారు. ముందు నిలబడ్డవారిలో లారీ ఇట్లియోంగ్, ఫిలిప్ వెరా క్రూజ్ ఉన్నారు. సీజర్ చావెజ్ నాయకత్వంలోని మెక్సికన్ కూలీల సంఘం సెప్టెంబరు 16న వాళ్ళతో కలిసింది. సమ్మె అయిదేళ్ళు సాగి, 1970 జులై 29న ఒప్పందాలతో ముగిసింది.

అక్టోబరు 3న, లిబర్టీ విగ్రహం దగ్గర ప్రెసిడెంట్ జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. దేశాలవారీ పాత కోటాలు పోయి, చదువుకున్న వృత్తినిపుణులకూ కుటుంబసభ్యులకూ దారి తెరుచుకుంది. మా క్లాసు పిల్లల్లో ఎక్కువమంది అమ్మమ్మలు, తాతయ్యలు ఆ దారినే వచ్చారు. మన తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు కూడా ఆ చట్టంతోనే పెద్ద సంఖ్యలో అమెరికాలో అడుగుపెట్టారు.

రెండు తేదీల మధ్య నెల కూడా లేదు. ఒకపక్క ముప్పై నలభై ఏళ్ళుగా పొలాల్లో నడుము వంచిన ఫిలిపినోలు కూలి కోసం కూర్చుండిపోయారు. ఇంకోపక్క చదువుకున్న ఫిలిపినోలు రావడానికి తలుపు తెరుచుకుంది. ఈ రెండో తరానికి మొదటి తరం గురించి తెలిసింది చాలా తక్కువ. తల్లిదండ్రుల సమావేశంలో ఒక తండ్రి సూటిగానే అడిగాడు: "మా కుటుంబంలో అందరూ చదువుకున్నవాళ్ళే. ఈ పొలం కూలీల కథ మా పిల్లలకెందుకు?"

ఆ ప్రశ్న అడగడం మంచిదయింది. మనసులో పెట్టుకుని పిల్లల్ని మాన్పించేవాళ్ళకంటే పైకి అడిగేవాళ్ళతో పని సులువు. ఆయనకి అప్పుడు రెండు మాటలే చెప్పాను. ఫిలిపినోలు వ్యవసాయ కూలీల ఉద్యమంలో పోషించిన పాత్రను స్కూళ్ళలో చెప్పాలని కాలిఫోర్నియా 2013లో చట్టం చేసింది, దాన్ని ప్రతిపాదించిన రాబ్ బోంటా ఆ రాష్ట్ర శాసనసభకి ఎన్నికైన మొదటి ఫిలిపినో అమెరికన్. రెండోది, అక్టోబరు 25ను లారీ ఇట్లియోంగ్ రోజుగా 2015లో ప్రకటించారు, కాబట్టి మీ అబ్బాయి స్కూల్లో ఈ పేరు వింటాడు, ఇంట్లో ఎవరికీ తెలియకపోతే బాగుండదు. ఆయన ఒప్పుకోలేదు, కానీ అబ్బాయిని మాన్పించనూ లేదు.

సూటు వేసుకున్న మనిషి

ఆ అబ్బాయే మాకు బాగా ఉపయోగపడ్డ పాఠం తెచ్చిపెట్టాడు. ఇంట్లో ఉన్న అన్నిటికన్నా పాత ఫోటో ఒకటి తెమ్మని అందరికీ చెప్పాం. అతను తెచ్చిన ఫోటోలో ఒక యువకుడు నీటుగా కుట్టిన సూటు వేసుకుని, జుట్టు వెనక్కి దువ్వుకుని, స్టూడియో కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. వెనకవైపు స్టాక్టన్ స్టూడియో ముద్ర, 1930ల నాటి తేదీ. అతను లోలా నాన్నగారి తమ్ముడు. "బిజినెస్‌మేన్ అయ్యుంటాడు" అన్నాడు అబ్బాయి.

ఎవరూ సరిదిద్దలేదు. క్లాసంతా ఫోటో చుట్టూ చేరి, ఇందులో మనకి కనిపిస్తున్నదేమిటి, మనం ఊహించుకుంటున్నదేమిటి అని రెండు వరసల్లో రాసుకుంది. ఆ తర్వాత ఆ కాలపు స్టాక్టన్ గురించి ఒక్కో కాగితం ఇస్తూ వెళ్ళాను.

1920ల నుంచి 1960ల దాకా ఫిలిప్పీన్స్ బయట ఫిలిపినోలు అత్యధికంగా ఉన్న ఊళ్ళలో స్టాక్టన్ ముందుంటుంది. ఎల్ డొరాడో వీధి, లఫాయెట్ వీధి కలిసే చోటు చుట్టూ ఉన్న పేటని లిటిల్ మనీలా అనేవారు. హోటళ్ళు, మంగలి షాపులు, పూల్ హాళ్ళు, డాన్స్ హాలు అన్నీ అక్కడే. ఎక్కువమంది ఇలోకోస్, విసాయాస్ ప్రాంతాల నుంచి వచ్చిన పెళ్ళికాని కుర్రాళ్ళు. డెల్టా పొలాల్లో ఆస్పరాగస్ కోసేవారు. నేలలోంచి పొడుచుకొచ్చే ఆ మొలకల్ని ఒక్కొక్కటీ వంగి, పొడుగాటి కత్తితో మట్టి కింద కోయాలి. రోజంతా నడుము ఎత్తడానికి ఉండదు. పీట్ నేల దుమ్ము ఒంటినిండా దురద పెట్టేది. ఆస్పరాగస్ అయ్యాక ద్రాక్ష, ఆ తర్వాత అలాస్కా చేపల ఫ్యాక్టరీలు, ఇలా ఏడాది పొడవునా పంట వెంట తిరగడమే. ఆదివారం మాత్రం స్నానం చేసి, మాకింతాష్ సూటు వేసుకుని ఎల్ డొరాడో వీధికి వచ్చేవారు. అప్పు చేసి, వాయిదాల్లో కట్టుకుంటూ అయినా ఆ సూటు కొనేవారు. దానిలో ఫోటో దిగి ఊరికి పంపేవారు. మన గల్ఫ్ కుర్రాళ్ళు యజమాని కారుకి ఆనుకుని దిగి ఇంటికి పంపే ఫోటో ఎలాంటిదో ఇదీ అలాంటిదే. దాన్ని చూసి ఊళ్ళో ఇంకో పదిమంది బయల్దేరేవారు.

తర్వాతి కాగితాలు కాస్త కష్టమైనవి. స్టాక్టన్ హోటల్ తలుపు మీద ఫిలిపినోలకి ప్రవేశం లేదని రాసి ఉన్న బోర్డు ఫోటో. 1930 జనవరిలో వాట్సన్‌విల్‌లో అల్లరిమూకలు ఫిలిపినోల మీద రోజుల తరబడి దాడులు చేయడం, ఇరవై రెండేళ్ళ ఫెర్మిన్ తొబేరా అనే కూలీని కాల్చి చంపడం. అదే నెల చివర్లో స్టాక్టన్‌లో ఫిలిపినో ఫెడరేషన్ భవనం మీద బాంబు పడటం. 1933లో కాలిఫోర్నియా, ఫిలిపినోలు తెల్లవారిని పెళ్ళి చేసుకోకుండా చట్టాన్ని సవరించడం. 1934 నాటి టైడింగ్స్-మెక్‌డఫీ చట్టం ఫిలిప్పీన్స్‌కి స్వాతంత్ర్యం ఇస్తామని మాటిస్తూనే అక్కడి నుంచి వచ్చేవారిని ఏడాదికి యాభై మందికి కుదించడం.

అబ్బాయి అడిగిన ప్రశ్న: "ఆయన పిల్లలెక్కడ?" పిల్లలు లేరు. పెళ్ళే కాలేదు. ఊరి నుంచి ఆడవాళ్ళు రాలేదు, ఇక్కడివాళ్ళని చేసుకోవడానికి చట్టం ఒప్పుకోలేదు. ఆ సవరణ పెట్టిన నిషేధాన్ని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1948లో కొట్టేసేసరికి చాలామంది మనోంగ్‌ల, అంటే ఆ తరం అన్నల, వయసు దాటిపోయింది. వాళ్ళ కథ మర్చిపోవడానికి ఇదొక పెద్ద కారణం. చెప్పుకోవడానికి మనవలు లేరు.

ఆ వారం అబ్బాయి ఇంటికెళ్ళి లోలాని ఫోన్ రికార్డర్ పెట్టి అడిగాడు. చిన్నాన్న ఆస్పరాగస్ కోసేవాడని ఆమెకి తెలుసు. మనీలాలో తన నర్సింగ్ కాలేజీ మొదటి ఏడాది ఫీజు కట్టింది ఆయనే. "ఎవరూ అడగలేదు" అందట.

ఈ రికార్డింగుని తండ్రి కూడా విన్నాడు. సమావేశంలో మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. డెలానో ప్రయాణానికి వాన్ నడిపింది ఆయనే. డెలానోలో సమ్మె ఓటు జరిగిన హాలు, కూలీల యూనియన్ తొలి శాశ్వత కేంద్రమైన ఫార్టీ ఏకర్స్, అందులో వృద్ధ మనోంగ్‌ల కోసం 1974లో కట్టిన అగ్బయాని విలేజ్ చూశాం. పిల్లలందరికీ చావెజ్ పేరు తెలుసు, ఇట్లియోంగ్ పేరు తెలిసినవాడు ఒక్కడూ లేడు. దాని మీద వాన్‌లో పెద్ద వాదనే నడిచింది. ఫిలిపినోలు సమ్మె చేస్తే మెక్సికన్లని, మెక్సికన్లు చేస్తే ఫిలిపినోలని తెచ్చి యజమానులు పని చేయించుకునేవారు. అందుకే ఇట్లియోంగ్ చావెజ్ దగ్గరికి వెళ్ళాడు. అంచేత 'చావెజ్ మన కథ ఎత్తుకుపోయాడు' అన్నంత సులువైన తీర్పు ఇవ్వొద్దని పెద్ద పిల్లలకి చెప్పాను. ఒకమ్మాయి ఒప్పుకోలేదు. ఒప్పుకోవాల్సిన పని లేదు.

స్టాక్టన్‌కి తిరిగొచ్చాక చూడ్డానికి మిగిలింది కొంచెమే. హైవే కోసం లిటిల్ మనీలాని చాలావరకు కూల్చేశారు. 1999లో ఇంకో బ్లాకు పోయింది. రిజాల్ సోషల్ క్లబ్, మరిపోసా హోటల్ లాంటి ఒకటి రెండు భవనాలు నిలిచాయి. స్థానిక యువతీయువకులు, చరిత్రకారిణి డాన్ మబాలోన్ లాంటివారు పోరాడి వాటిని కాపాడారు. 2016 నుంచి ఫిలిపినో అమెరికన్ల జాతీయ మ్యూజియం కూడా ఈ ఊళ్ళోనే ఉంది. ఈ ప్రాంతంలో ఇలాంటి బడి పెట్టుకున్నవాళ్ళు పవర్‌పాయింట్ల మీద డబ్బు తగలేయకుండా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళడం మేలు.

చీటీల్లోని నాలుగు ప్రశ్నలు

ఇంటిపేరు ప్రశ్న పిల్లలకి బాగా నచ్చింది. స్పానిష్ పేరుంది కాబట్టి తమలో స్పానిష్ రక్తం ఉందని సగం మంది నమ్మకం. నిజానికి 1849లో గవర్నర్ జనరల్ నార్సీసో క్లవేరియా పన్ను వసూళ్ళు, జనాభా లెక్కలు సరిగా ఉండాలని ఇంటిపేర్ల పెద్ద పట్టిక ఒకటి తయారుచేయించి ఊళ్ళకి పంచాడు. కొన్నిచోట్ల ఊరికి ఒక్కో అక్షరం పేజీలు దక్కాయి. అందుకే అల్బే ప్రావిన్సులోని ఓవాస్‌లో 'ఆర్' అక్షరంతో మొదలయ్యే ఇంటిపేర్లు అన్ని కనిపిస్తాయి. పిల్లలు తమ ఊళ్ళో ఇరుగుపొరుగు ఇంటిపేర్లు ఏమిటో తాతలని అడిగి, మ్యాపు మీద రాశారు. కొందరి దగ్గర అక్షరాలు సరిగ్గా కుదిరాయి, కొందరి దగ్గర కుదరలేదు. కుదరని వాళ్ళు ఎందుకని తవ్వడమే అసలు పాఠమయింది. 'స్పెయిన్ వలస పాలన' అని బోర్డు మీద రాసి నోట్సు చెప్పించే బదులు ఇది చాలు.

ఇంగ్లీషు ప్రశ్నకి జవాబు 1901లో ఉంది. ఆ ఆగస్టులో థామస్ అనే ఓడలో దాదాపు అయిదువందల మంది అమెరికన్ టీచర్లు మనీలా చేరారు. ఫిలిపినోలకీ అమెరికాకీ మధ్య యుద్ధం ఇంకా ముగియలేదు, బళ్ళు మొదలయ్యాయి. నర్సింగ్ స్కూళ్ళు కూడా ఆ దశాబ్దంలోనే వచ్చాయి. 1948 నుంచి ఎక్స్ఛేంజ్ విజిటర్ ప్రోగ్రాం కింద ఫిలిపినో నర్సులు శిక్షణకని అమెరికా ఆసుపత్రులకి వచ్చి తక్కువ డబ్బుకి పనిచేశారు. 1965 తర్వాత స్థిరపడటానికి వచ్చారు. ఈ పాఠం చెప్పేటప్పుడు గొంతు కాస్త జాగ్రత్తగా పెట్టుకోవాల్సి వచ్చింది. కోవిడ్ కాలంలో మా క్లాసు తల్లుల్లో చాలామంది వార్డుల్లో ఉన్నారు. అమెరికా నర్సుల్లో ఫిలిపినోలు 4 శాతం దాకా ఉంటారని, కోవిడ్‌తో చనిపోయిన నర్సుల్లో మాత్రం దాదాపు మూడోవంతు వాళ్ళేనని నేషనల్ నర్సెస్ యునైటెడ్ అనే నర్సుల సంఘం 2020 సెప్టెంబరులో లెక్క కట్టింది. ఆ అంకెని పిల్లల ముందు పెట్టాలా వద్దా అని తల్లులనే అడిగాం. పెద్ద గ్రూపుకి చెప్పమన్నారు.

నేవీ తాతయ్య సంగతి చిన్నది. 1947 ఒప్పందంతో అమెరికా నేవీ ఫిలిప్పీన్స్‌లోనే మనుషుల్ని చేర్చుకునేది. కానీ 1970ల మొదటిదాకా వాళ్ళకి దక్కింది చాలావరకు స్టూవర్డ్ పనే, అంటే ఆఫీసర్లకి వండి వడ్డించడం. తాతయ్య వంట కబుర్లకి కారణం తెలిశాక ఒక పిల్లకి కోపం వచ్చింది. తాతయ్యకి మాత్రం అంత కోపం లేదు. క్లాసుకి వచ్చి, ఓడలో పన్సిట్ అనే నూడుల్స్ వండటం ఎలాగో గంటసేపు చెప్పాడు. ఆయన తీరుని మేం సరిదిద్దాలనుకోలేదు.

చిన్నవాళ్ళకి యుద్ధం ఎలా చెప్పాం

1899లో మొదలైన ఫిలిప్పీన్-అమెరికా యుద్ధం అమెరికన్ పాఠ్యపుస్తకాల్లో ఒక పేరాకి మించదు. 1898 పారిస్ ఒప్పందంలో స్పెయిన్‌కి రెండు కోట్ల డాలర్లిచ్చి దీవులు తీసుకున్నారని రాసి ముందుకి వెళ్ళిపోతారు. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకి ఊచకోతలు చెప్పలేం. అందుకని బలంగీగ గంటలని తీసుకున్నాం.

సమర్ దీవిలోని బలంగీగలో 1901 సెప్టెంబరులో ఊరివాళ్ళు అమెరికన్ సైనికుల మీద దాడి చేశారు. తర్వాత సైన్యం ఊరిని తగలబెట్టి చర్చి గంటలు మూడింటిని యుద్ధ బహుమతిగా పట్టుకెళ్ళింది. రెండు వ్యోమింగ్‌లోని సైనిక స్థావరంలో, ఒకటి కొరియాలోని అమెరికన్ దళం దగ్గర ఉండిపోయాయి. 2018 డిసెంబరులో మూడూ తిరిగి ఊరికి చేరాయి. చిన్నవాళ్ళని మూడు గుంపులు చేసి, ఊరివాళ్ళుగా, చనిపోయిన సైనికుల కుటుంబాలుగా, మ్యూజియం వాళ్ళుగా మాట్లాడించాం. గంటలు ఎవరివి? చర్చ తేలడానికి గంటకి పైగా పట్టింది. సమర్ దీవి లోపలి ప్రాంతాన్ని ఎడారి చేయమని, పదేళ్ళు దాటిన వాళ్ళెవర్నీ వదలొద్దని జనరల్ జేకబ్ స్మిత్ ఆజ్ఞ ఇచ్చిన సంగతి పెద్ద గ్రూపుకే చెప్పాం. పదేళ్ళ పిల్లల మధ్య ఆ వాక్యం చదవలేను.

మార్కోస్ దగ్గర చీలిన తల్లిదండ్రులు

అన్నిటికన్నా టెన్షన్ పెట్టిన పాఠం ఇదే. 1972 సెప్టెంబరులో ఫెర్డినాండ్ మార్కోస్ మార్షల్ లా పెట్టాడు. పత్రికలు మూయించాడు, ప్రత్యర్థుల్ని జైల్లో పెట్టాడు. 1986 ఫిబ్రవరిలో జనం మనీలాలోని ఎడ్సా రోడ్డు మీదికి వచ్చేదాకా దిగలేదు. 2022లో ఆయన కొడుకు అధ్యక్షుడయ్యాడు. మా తల్లిదండ్రుల్లో మార్కోస్ సొంత ప్రాంతమైన ఇలోకోస్ వాళ్ళున్నారు, 'రోడ్లు, ఆసుపత్రులు కట్టించిన మనిషి' అనేవారు. జైలుకెళ్ళిన మేనమామ ఉన్న కుటుంబమూ ఉంది. మెసెంజర్ గ్రూపులో రాత్రంతా వాదన నడిచేది. ఈ పాఠం తీసేద్దామని బృందంలో కొందరన్నారు.

తీసేయడానికి నేను ఒప్పుకోలేదు. తీసేస్తే పిల్లలకి యూట్యూబే దిక్కవుతుంది. కానీ ఒక ఏర్పాటు చేశాం. పదమూడు దాటిన వాళ్ళకే, అదీ కోర్టు తీర్పులు, చట్టాల మీదే పాఠం. మేం ఎంచుకున్నవి అమెరికాతో ముడిపడ్డవి. 1981 జూన్ 1న సియాటిల్‌లో సిల్మే డొమింగో, జీన్ వియెర్నెస్ అనే ఇద్దరు యువ యూనియన్ నాయకుల్ని వాళ్ళ యూనియన్ ఆఫీసులోనే కాల్చారు. చేపల ఫ్యాక్టరీ కూలీల యూనియన్ అది, ఒకప్పుడు మనోంగ్‌లు కట్టుకున్నది. ఇద్దరూ మార్కోస్‌ని వ్యతిరేకించేవారు. ఈ హత్యలకి మార్కోస్ ఎస్టేటుకి, అంటే ఆయన చనిపోయాక మిగిలిన ఆస్తికి, బాధ్యత ఉందని 1989లో ఫెడరల్ జ్యూరీ తేల్చింది. రెండోది, మార్షల్ లా బాధితులకి పరిహారం ఇవ్వడానికి ఫిలిప్పీన్స్ ప్రభుత్వమే 2013లో చేసిన చట్టం. ఇలోకోస్ కుటుంబాలు చెప్పే రోడ్లు, ఆసుపత్రుల జాబితా కూడా గోడ మీద పెట్టాం, ఆ అప్పులు ఎవరు తీర్చారన్న ప్రశ్నతో సహా.

రెండు కుటుంబాలు ఆ నెల పిల్లల్ని పంపలేదు. తర్వాతి పాఠాలకి పంపాయి. అందర్నీ ఒప్పించడం నా పని అని నేననుకోలేదు. కాకపోతే చరిత్ర క్లాసుకి 'సంస్కృతి క్లాసు' అని పేరు పెట్టుకుంటే ఇలాంటి పాఠం వచ్చినప్పుడు తల్లిదండ్రులకి మోసపోయినట్టు అనిపిస్తుంది. పేరు ముందే మార్చుకోవాలి. మా బృందం ఫారం మీద ఇప్పుడు 'చరిత్ర' అనే ఉంటుంది.

భాష, ఫలితాలు

భాష సంగతి మేం తేల్చలేదు. బృందంలో ఇలోకానో, తగలోగ్, సెబువానో, కపంపాంగన్ ఇళ్ళున్నాయి. క్లాసులో తగలోగ్ నేర్పితే మిగతావాళ్ళు తమ లోలాతో మాట్లాడలేరు, నేర్పకపోతే జాతీయ భాష రాలేదంటారు. చరిత్ర ఇంగ్లీషులో చెబుతున్నాం, ఇంటర్వ్యూలు మాత్రం పెద్దవాళ్ళు ఏ భాషలో చెబితే ఆ భాషలోనే రికార్డు చేస్తున్నాం. తర్జుమా ఇంట్లో జరుగుతుంది. ఆ పని వల్ల భాష కొంత వస్తోందని తల్లులు అంటున్నారు.

ఫలితమని చెప్పుకోగలిగింది హాజరు. పెద్ద పిల్లలు మానలేదు. ఆ రికార్డింగులు పోగవుతున్నాయి. అక్టోబరులో ఫిలిపినో అమెరికన్ చరిత్ర నెలకి హైస్కూల్ పిల్లలు స్టాక్టన్‌లో తోటివాళ్ళని తిప్పి చూపిస్తున్నారు. వాళ్ళ ఆత్మగౌరవం పెరిగిందని, గుర్తింపు దొరికిందని రాయమని బృందంలో ఒకరు అడిగారు. కొలవని సంగతి రాయలేను.

ఇలాంటిది పెట్టాలనుకునే తెలుగు బడుల నుంచి కొందరు ఈ పాఠాల ప్రణాళిక అడిగారు. ఇస్తాను. కానీ అందులో మనకి నేరుగా సంబంధించిన పేజీ ఒకటుంది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకి అమెరికా పౌరసత్వం దక్కదని తేల్చింది. ఫిలిపినోలు అమెరికా జెండా కింద ఉన్నా సాధారణంగా పౌరులు కాలేకపోయేవారు. ఈ రెండు తలుపులూ ఒకే చట్టంతో తెరుచుకున్నాయి. 1946 జులై 2న, ఫిలిప్పీన్స్ స్వాతంత్ర్యానికి సరిగ్గా రెండు రోజుల ముందు, ట్రూమన్ సంతకం పెట్టిన లూస్-సెల్లర్ చట్టం ఇద్దరికీ పౌరసత్వ హక్కు, ఏడాదికి నూరేసి మంది వలస కోటా ఇచ్చింది. ఆ చట్టం పేరులో ఉన్న కాంగ్రెస్ సభ్యుడు ఇమాన్యుయెల్ సెల్లరే 1965 చట్టం వెనకా ఉన్నాడు. స్టాక్టన్‌లో లిటిల్ మనీలా ఉన్న రోజుల్లోనే, 1912లో స్థాపించిన అమెరికా తొలి సిక్కు గురుద్వారా కూడా ఉంది. దగ్గర్లోని పొలాల్లోనే పంజాబీ కూలీలు పనిచేసేవారు.

ఆదివారం తెలుగు క్లాసు తల్లిదండ్రులకి ఇది చెబితే ఒకాయన "పంజాబీ కూలీల చరిత్ర మన పిల్లలకెందుకండీ" అన్నారు. ఆయన పిల్లల్ని పాత ఫోటో ఒకటి తెమ్మన్నాను. ఈ అక్టోబరులో రెండు బడుల పెద్ద పిల్లల్నీ కలిపి స్టాక్టన్ తీసుకెళ్తున్నాం. పొద్దున ఎల్ డొరాడో వీధి, మధ్యాహ్నం గురుద్వారా. బస్సు ఖర్చు చెరిసగం, భోజనం లంగర్‌లో.